తిరుమలలో 'మల' ఎవరి మాట?



తిరుపతి బస్టాండులో ఓ అరగంట నిలబడితే "తిరుమల, తిరుమల" అనే కేక వంద సార్లు చెవిన పడతాది. ఆ మాటలో 'తిరు' అంటే శ్రీ, పవిత్రం అని దాదాపు అందరూ చెప్తారు. మరి 'మల' అంటే ఏంది? అడిగి చూడండి. చదువుకున్నోళ్ళు కూడా కాసేపు ఆగుతారు.

మల అంటే కొండ. అంతే. తెలుగు నిఘంటువుల్లో ఇప్పటికీ ఉండాది. కానీ మన నోట్లోంచి జారిపోయింది. నల్లమల, ఎర్రమల, తిరుమల అని పేర్లలో మాత్రం మిగిలింది. "మల ఎక్కినాను" అని ఈరోజు ఎవరూ అనరు, "కొండ ఎక్కినాను" అంటారు. విడిగా పలికితే సంస్కృతం నుంచి వచ్చిన మలం, మలినం గుర్తుకొస్తాయి. ఆ మాటకూ ఈ మాటకూ చుట్టరికం లేదు. దీర్ఘం పెట్టిన 'మాల' కూడా వేరే చర్చ, అది ఆ అన్నదమ్ములు చెప్పుకోవలసిన కథ. మనం మాట్లాడేది కొండ అనే అర్థమున్న మల గురించి మాత్రమే.

ఒక చిన్న మాట మీద ఇంత రాద్ధాంతం ఎందుకంటారా? ఎందుకంటే ఈ మాట కొండకు పెట్టినప్పుడు దేవుడైంది. అదే మాట మనుషులకు పెట్టినప్పుడు వాళ్ళు అనాగరికులయ్యారు. మాట ఒకటే, అర్థం ఒకటే. మర్యాద మాత్రం రెండు రకాలు. మన కొట్లాట ఇక్కడే మొదలవుతుంది.

ముందు ఈ మాట ఎంత దూరం నడిచిందో చూద్దాం. తమిళంలో మలై. అణ్ణామలై, తిరువణ్ణామలై అందులోంచే. మలయాళంలో మల. శబరిమల మనందరికీ తెలుసు. కన్నడంలో మలె. పడమటి కనుమల ప్రాంతాన్ని మలెనాడు అంటారు, చామరాజనగర్ జిల్లాలో మలె మహదేశ్వర కొండలున్నాయి. ఆ మాటకు కన్నడంలో కొండ అనే అర్థంతో పాటు అడవి అనే అర్థం కూడా ఉంది. తుళులో అయితే అడవితో నిండిన కొండ. అంటే మన పూర్వీకులకు కొండ వేరు, అడవి వేరు కాదు. చెట్టు లేని కొండ వాళ్ళ మాటలోనే లేదు. కొండను ఒక శాఖకు, చెట్టును ఒక శాఖకు, కింద రాయిని గనుల శాఖకు పంచిపెట్టడం తర్వాత వచ్చిన తెలివి.

ఈ మాట సంస్కృతంలోకి కూడా పోయింది. దక్షిణాది పర్వతానికి వాళ్ళు మలయం అని పేరు పెట్టుకున్నారు. కవులు తెగ రాసిన మలయమారుతం ఆ కొండ మీది గాలే. మలయపర్వతం అంటే అర్థం 'కొండ కొండ'. మనోళ్ళు తిరుమలకొండ అన్నట్టే. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి పోయిన మాట అర్థం మర్చిపోయి, పక్కన మళ్ళీ అదే అర్థమున్న ఇంకో మాటను తోడు తెచ్చుకుంటుంది. అరబ్బు ఓడలు వచ్చిన తీరానికి మలబారు అని పేరొచ్చింది, అందులోనూ ఉండేది మలే.

ఇది కొండల పేర్ల సంగతి. ఇప్పుడు మనుషుల పేర్లు చూద్దాం.

మనకు పక్కనే తమిళనాడులో జవ్వాది, షెవరాయ్, కొల్లి, కల్వరాయన్ కొండలున్నాయి. అక్కడ ఉండే ఆదివాసులను మలయాళీలు అంటారు. ఈ పేరు వినగానే కేరళ అనుకుంటారు. కాదు. వాళ్ళు మాట్లాడేది తమిళం. మలై ఆళి, అంటే కొండ మనిషి. కేరళలో, తమిళనాట మల అరయన్, మల వేడన్, మలపండారం, మలక్కురవన్. కర్ణాటకలో మలెకుడియ. ఇంత దూరం ఆగలేదు. జార్ఖండ్‌లో గంగ ఒడ్డున రాజమహల్ కొండలున్నాయి. అక్కడి సౌరియా పహాడియాలు తమను తాము మలేర్ అని పిలుచుకుంటారు. వాళ్ళ మాల్తో భాష మన ద్రావిడ కుటుంబానిదే. ఆ పేరులో ఉన్నది కొండే అని చాలామంది పండితులు చెప్తారు. చుట్టూ ఉన్న హిందీవాళ్ళు పెట్టిన 'పహాడియా' అనే పేరుకూ అర్థం కొండవాడే.

ఇప్పుడు వరుస చూడండి. తెలుగులో కొండదొర, కొండరెడ్డి, కొండకాపు. ఒడిశాలో డొంగ్రియా, డొంగర్ అంటే కొండ. బయటోళ్ళు కోంద్ అని పిలిచే ఆ జనం తమను తాము కుయి అనుకుంటారు. ఆ 'కోంద్' అనే పేరు కూడా తెలుగు 'కొండ' నుంచే వచ్చిందని చాలామంది అంటారు. ప్రభుత్వం పెట్టిన పేరు గిరిజన, గిరి అంటే కొండ. భాష మారింది, లిపి మారింది, రాజ్యాలు మారినాయి. మన జనానికి పెట్టిన పేరు మాత్రం ప్రతిచోటా కొండే.

ఇది గొప్పా, అవమానమా? రెండూ. కింద మైదానంలో నిలబడి పైకి చూసి "వాళ్ళు కొండోళ్ళు" అన్నవాడు ఒక హద్దు గీసినాడు. కానీ గీస్తూ గీస్తూ తెలియకుండానే ఒక సాక్ష్యం కూడా రాసిపెట్టినాడు: ఈ కొండ వీళ్ళది, వీళ్ళు ఈ కొండ వాళ్ళు అని. ఎవరైనా ఏదో సర్వే నంబరు చూపించి "మీరెవరు?" అని అడిగితే, వాళ్ళ తాతలు మనకు పెట్టిన పేరునే చూపించవచ్చు.

అయితే కొండను పూజించేవాళ్ళు కొండ మనుషులను ఎట్లా చూశారు? మన జిల్లాలోనే ఉదాహరణ ఉంది. శ్రీకాళహస్తిలో బ్రహ్మోత్సవాలు భక్త కన్నప్ప కొండ మీద జెండా ఎక్కించడంతో మొదలవుతాయి. కన్నప్ప ఎవరు? వేటగాడు. శివుడికి మాంసం పెట్టినవాడు, కన్ను పీకి ఇచ్చినవాడు. కథలో వేటగాడికి మొదటి మర్యాద. కథ బయట విల్లు, ఉచ్చు పట్టుకుని అడవిలో కనిపించినవాడి మీద కేసు. అట్లాగే పాత తమిళ కవిత్వంలో కొండ నేల మనుషులు కురవర్‌లు. మురుగన్ పెళ్ళి చేసుకున్న వళ్ళి కురవ పిల్ల. అంత పేరున్న ఆ మాట ఇంగ్లీషోడి రోజుల్లో నేరస్థ జాతుల జాబితాకు ఎక్కింది. 1871లో తెచ్చిన చట్టం 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. కొరవ, కొరచ, ఎరుకల అనే పేర్లతో పుట్టినందుకే పోలీసు రిజిస్టరులో వేలిముద్ర. 1952లో ఆ చట్టం పోయింది. ఆ చూపు పోయిందా? మన పల్లెల్లో దొంగతనం జరిగితే మొదట ఏ వీధికి జీపు వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక జాబితాల సంగతి. ఇక్కడ మాట కడుపుకు సంబంధించిన విషయం అవుతుంది.

మన రాష్ట్రంలో ఎరుకల, కొరచ షెడ్యూల్డ్ తెగలు. పలమనేరు దాటి కర్ణాటకలో అడుగుపెడితే కొరచ, కొరమ షెడ్యూల్డ్ కులాలు. తమిళనాడులో కురవన్ షెడ్యూల్డ్ కులం, మలక్కురవన్ మాత్రం షెడ్యూల్డ్ తెగ. ముందు 'మల' అనే రెండక్షరాలు ఉంటే ఒక జాబితా, లేకుంటే ఇంకో జాబితా! మన దగ్గర నక్కల, కురువికారన్ ఎప్పటినుంచో ఎస్టీ జాబితాలో ఉన్నారు. సరిహద్దు అవతల నరికురవర్‌లను, కురువిక్కారన్‌లను ఎస్టీలుగా ఒప్పుకోడానికి పార్లమెంటుకు 2022 డిసెంబరు దాకా పట్టింది. చిత్తూరు, వేలూరు మధ్య ఎంత దూరం? రెండు గంటల ప్రయాణం కూడా లేదు. అప్పటిదాకా అన్న ఎస్టీ, తమ్ముడు కాదు.

ఇంకో విచిత్రం చూడండి. మన ఆంధ్ర జాబితాలో కొండరెడ్లు ఒక పేరు, హిల్ రెడ్లు ఇంకో పేరు. హిల్ అంటే ఇంగ్లీషులో కొండే! ఎవరో దొర రాసిన అనువాదాన్ని మన గుమాస్తా వేరే తెగ అనుకున్నట్టు ఉంటాది. నవ్వొస్తుంది కదా. కానీ తమిళనాడు మలయాళీల గురించి తెలిస్తే నవ్వు ఆగిపోతుంది. ఆ జాబితాలో మలయాళీ అనే పేరు పక్కన కొన్ని జిల్లాల పేర్లు రాసిపెట్టినారు: ధర్మపురి, ఉత్తర ఆర్కాటు, పుదుక్కోట్టై, సేలం, దక్షిణ ఆర్కాటు, తిరుచిరాపల్లి. ఈరోడ్ లేదు. ఈరోడ్ కొండల్లో ఉండే మలయాళీలకు పేరు అదే, బతుకు అదే, కొండ వరుస కూడా అదే. సర్టిఫికెట్ మాత్రం రాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద షెడ్యూల్డ్ తెగవాడు 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవి మీద బతుకుతున్నాడని చూపిస్తే చాలు. జాబితాలో లేనివాడు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు చూపించాల. పేరులో కొండ ఉన్నా, కొండ మీదే పుట్టినా, 75 ఏళ్ళ కాగితం తెమ్మంటారు. కాగితం ఇచ్చేవాడు ఏనాడూ కొండెక్కి రాకపోతే తప్పు ఎవరిది?

ఇప్పుడు మన గడపలోకి వద్దాం. 2015 ఏప్రిల్ 7. చంద్రగిరి మండలం, శేషాచలం అడవి. ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు మనుషులు, చెట్లు కొట్టే కూలీలు. వారిలో జవ్వాది కొండల మలయాళీ ఆదివాసులున్నారు. ఎదురుకాల్పులన్నారు పోలీసులు. బస్సులోంచి దించి పట్టుకెళ్ళారని బతికినవాళ్ళు, చనిపోయినవాళ్ళ కుటుంబాలు చెప్పారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ సీబీఐ విచారణ జరపాలని సిఫారసు చేసింది.

మరుసటి రోజు మన దగ్గర ఎక్కువగా వినబడిన మాట ఏంది? 'స్మగ్లర్లు'. ఆ ఒక్క మాటతో ఇరవై శవాల కథ ముగిసిపోయింది. స్మగ్లర్ అంటే సరుకును ఓడరేవు దాటించి, విదేశాల్లో అమ్మి, డబ్బు లెక్కపెట్టుకునేవాడు. గొడ్డలి పట్టుకుని కూలికి వచ్చినవాడిని స్మగ్లర్ అనడం, తాపీమేస్త్రీని రియల్ ఎస్టేట్ వ్యాపారి అనడం లాంటిది. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల ఈ దక్షిణ కొసలోనే. మన చిత్తూరు, కడప, నెల్లూరు, కర్నూలు కొండల్లో. అది పోతే మనకూ నష్టమే. చెట్టు కాపాడాల, అనుమానం లేదు. 2013 డిసెంబరులో ఇదే శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారులను చంపేశారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ పిల్లలున్నారు, ఆ చావులూ తప్పే. కానీ చెట్టును కాపాడే చట్టంలో కూలీని కాల్చమని ఎక్కడా రాయలేదు. కోర్టు ఉంది, జైలు ఉంది.

పేర్ల లెక్కన ఆ రోజును ఒకసారి చూడండి. చనిపోయిన జవ్వాది మనిషి పేరు మలయాళీ, కొండ మనిషి. చనిపోయిన చోటు తిరుమల కొండల వరుస. మల మనిషి మల మీద చనిపోయాడు. కానీ మన రాష్ట్ర జాబితాలో మలయాళీ అనే తెగే లేదు. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినవాడు ఇంకో రాష్ట్రానికి పోతే అక్కడ ఎస్టీ కాడని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆరణి దాటి మన వైపు వచ్చేసరికి కొండ మనిషి కాస్తా ఉత్త కూలీ అయిపోయాడు, కూలీ కాస్తా స్మగ్లర్ అయిపోయాడు. రెండు సరిహద్దుల మధ్య ఒక పేరు చచ్చిపోయింది. ఆ తర్వాతే మనిషి చచ్చిపోయాడు.

'గిరిజన' అనే మాట గురించి కూడా నిజం మాట్లాడుకుందాం. మనలో చాలామంది ఆ పేరుతోనే సంఘాలు పెట్టుకున్నారు, నాకు గొడవ లేదు. కానీ మన జిల్లాలో ఆ మాట ఎట్లా తిరగబడుతుందో చూడండి. యానాదులు కొండ మీద ఉంటారా? స్వర్ణముఖి పక్కన, చెరువు కట్టల మీద, పులికాట్ ఒడ్డున ఉంటారు. శ్రీహరికోట దీవిలో తరతరాలుగా బతికిన యానాదులను రాకెట్ కేంద్రం కోసం కదిలించినారు. వాళ్ళది కొండ కాదు, సముద్రం పక్క అడవి. "గిరి లేదు కదా, నువ్వెట్లా గిరిజనుడివి?" అని వెటకారంగా అడిగే ఆఫీసర్లు ఉన్నారు. రాజ్యాంగం 342వ అధికరణంలో కొండ ప్రస్తావన లేదు. షెడ్యూల్డ్ తెగ అని మాత్రమే ఉంది. రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా మాకు ఆదివాసి అనే పేరే కావాలని పట్టుబట్టింది ఇందుకే. వనజాతి, గిరిజన అనే పేర్లు మనం ఎక్కడ ఉంటామో చెప్తాయి. ఆదివాసి అనే పేరు మనం ఎప్పటినుంచి ఉన్నామో చెప్తుంది. ఎక్కడున్నామన్నది ఒక ఖాళీ చేయింపు నోటీసుతో మారిపోవచ్చు. ఎప్పటినుంచి ఉన్నామన్నది ఏ నోటీసూ మార్చలేదు.

మన రాయలసీమలో ఒక్క ఊరు కూడా అయిదో షెడ్యూలు ప్రాంతంలో లేదన్నది గుర్తుపెట్టుకోండి. ఏజెన్సీ అంటే శ్రీకాకుళం నుంచి గోదావరి దాకానే. అంటే ఇక్కడ మనకు నేల రక్షణ చట్టాలు అంత గట్టిగా లేవు. మిగిలింది పేరు, సర్టిఫికెట్, అటవీ హక్కుల చట్టం. అందుకే ఇక్కడ పేరు మీద కొట్లాట అన్నం మీద కొట్లాట.

కొందరు అంటారు, "మాటల మూలాలు తవ్వితే పొట్ట నిండుతుందా అన్నా?" అని. నిండదు. కానీ అటవీ హక్కుల నిబంధనల్లో 13వ నిబంధన తీసి చదవండి. పెద్దవాళ్ళు చెప్పిన మాటను రాసిపెడితే అది సాక్ష్యం. వంశవృక్షం సాక్ష్యం. పవిత్ర స్థలాలు, శ్మశానాలు సాక్ష్యం. అవ్వ నోట్లో ఉన్న గుట్ట పేరు, కోన పేరు, బావి పేరు పనికిరాని ముచ్చట కాదు, గ్రామసభలో పెట్టే కాగితం.

ఇంకొందరు అంటారు, "ఇదంతా సంస్కృతం మీద, గుడి మీద ద్వేషం" అని. కాదు. మాటలు నడుస్తాయి, అప్పు పోతాయి, వస్తాయి. మలయమారుతం అందంగానే ఉంది. తిరుమలను శేషాచలం, వెంకటాచలం, సప్తగిరి అన్నా మాకు అభ్యంతరం లేదు. ప్రతి పేరులోనూ కొండ ఉండనే ఉంది. మేము అడిగేది ఒకటే. కొండకు ఇచ్చిన మర్యాదలో కొంచెం కొండ మనిషికి ఇవ్వండి.

మనవాళ్ళకు కూడా ఒక మాట. 'మల' మన మాట కాబట్టి తిరుమల మొత్తం మనదే అని వాట్సాప్‌లో తిప్పొద్దు. మాట పట్టా కాదు. మల అనే మాట కొండ మీదోడిదీ, కింద చేను దున్నినోడిదీ, చేపలు పట్టినోడిదీ, అందరి పాత ఆస్తి. అబద్ధపు చరిత్ర మనకు అవసరం లేదు. నిజమైన చరిత్రే మనకు సరిపోయేంత ఉంది. తప్పు వాదన ఒక్కటి చేస్తే వాళ్ళు దాన్ని పట్టుకుని మన పది నిజాలను కొట్టేస్తారు.

నిజం ఎట్లా గెలుస్తుందో రెండు చోట్ల చూశాం. 2013లో నియంగిరి కొండ తవ్వాలా వద్దా తేల్చమని సుప్రీంకోర్టు గ్రామసభలను అడిగింది. 12 గ్రామసభలు, 12 వద్దన్నాయి. డొంగ్రియాలకు ఆ కొండ నియంరాజా. దేవుడిని తవ్వుకోడానికి ఇవ్వం అన్నారు. కోర్టు ఆ నమ్మకాన్ని హక్కుగా చూసింది. కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల సోలిగలకు 2011లో పులుల అభయారణ్యంలోనే సామూహిక అటవీ హక్కులు వచ్చాయి. అక్కడ సోలిగలు తమ పవిత్ర స్థలాల పేర్లను ఒక్కొక్కటిగా పటం మీద గుర్తు పెట్టించుకున్నారు. పేర్లు పటమయ్యాయి.

మనమూ మొదలుపెడదాం. తలకోన వైపు, మామండూరు వైపు, కుప్పం అడవుల పక్కన, స్వర్ణముఖి ఒడ్డున మన గూడేలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఫోన్ మీ చేతిలోనే ఉంది. అవ్వ దగ్గర కూర్చోండి. ఏ గుట్టకు ఏం పేరు, ఏ వాగు పక్కన ఎవరిని పూడ్చినారు, ఏ చెట్టు కింద ఏ దేవరకు కోడి కోసినారు, ఏ కోనలో తేనె తీసినారు అని అడగండి. ఆమె ఎట్లా పలికితే అట్లాగే రికార్డు చేయండి, సర్కారు తెలుగులోకి దిద్దొద్దు. తేదీ వేయండి, ఆమె వేలిముద్రతో రాతలో పెట్టండి. గ్రామసభలో చదివించి తీర్మానం పుస్తకంలోకి ఎక్కించండి.

బస్టాండులో కండక్టరు రేపు కూడా తిరుమల, తిరుమల అని అరుస్తాడు. అరవనీ. ఆ మాటలో సగం మన మీద పెట్టిన పేరే అని చెప్పే బాధ్యత మనది. కొండకు మొక్కేవాళ్ళు మొక్కుకోనీ. కొండ మనిషి మీద తుపాకీ ఎత్తినప్పుడు మాత్రం వాళ్ళు నోరు విప్పాల. అంత దాకా అడుగుతానే ఉందాం.

జై ఆదివాసీ!